వార్డు కమిటీకి మార్కులు వేయాలంటే ఎరువు సంచి విప్పండి

పురపాలక సంఘాల కంపోస్టు యార్డుల్లో "తడి చెత్తతో చేసిన సేంద్రియ ఎరువు" అని రాసిన సంచులు అమ్ముతున్నారు. మిద్దె తోటల వాళ్లు కొంటున్నారు, పార్కులకు వాడుతున్నారు, చుట్టుపక్కల రైతులు అడపాదడపా ట్రాక్టరు పెట్టి తోలుకుంటున్నారు. ఈ సమీక్ష ఆ సంచి గురించి. దాని వెనక ఉన్న మనుషుల పని గురించి కూడా. గేటు ముందు పాల ప్యాకెట్టు కత్తిరించిన దగ్గర్నుంచి యార్డులో జల్లెడ పట్టేదాకా ఎవరు ఏం చేశారో, ఎవరు చేయలేదో ఆ సంచిలో కనబడుతుంది. వార్డు కమిటీ ఎన్ని ర్యాలీలు తీసిందో, ఎన్ని ఫ్లెక్సీలు కట్టిందో పక్కన పెట్టండి. ఒక తట్టెడు ఎరువు పాత పేపరు మీద పోసి చూడండి.

తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు వేయమంది. యువతకొకటి, మహిళలకొకటి, వయోవృద్ధులకొకటి, ఊళ్లో పేరున్నవాళ్లకొకటి. ఒక్కోదానిలో 15 మంది. పారిశుద్ధ్యం, తడి పొడి చెత్త వేరు చేయించడం, మొక్కలు కాపాడటం వాళ్ల పనుల్లో ఉన్నాయి. పురపాలక బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి ఖర్చు పెట్టాలనీ, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలనీ అదే చట్టం చెప్పింది. మొక్కల లెక్క అంత గట్టిగా అడుగుతున్నప్పుడు ఆ మొక్క మొదట్లో పోసే ఎరువు లెక్క కూడా అంతే గట్టిగా అడగాలి.

కొలబద్ద లేక కాదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సిటీ కంపోస్టుకు ప్రమాణాలు రాసి ఉన్నాయి. తేమ 15 నుంచి 25 శాతం. కనీసం 90 శాతం ఎరువు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. రంగు ముదురు గోధుమ నుంచి నలుపు, దుర్వాసన ఉండకూడదు. సేంద్రియ కర్బనం కనీసం 12 శాతం, నత్రజని 0.8, భాస్వరం 0.4, పొటాష్ 0.4. కర్బన నత్రజనుల నిష్పత్తి 20 లోపు, ఉదజని సూచిక (పీహెచ్) 6.5 నుంచి 7.5, లవణ సాంద్రత (ఉప్పు కొలత, ల్యాబు రిపోర్టులో ఈసీ) 4 లోపు. సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, పాదరసం 0.15 మించకూడదు. యార్డులో అడగాల్సిన మొదటి ప్రశ్న "కిలో ఎంత?" కాదు, "ఈ బ్యాచికి ల్యాబు రిపోర్టు ఉందా?". ఉంటే చూపిస్తారు. లేకపోతే కుండీలో పూల మొక్కలకు వాడుకోండి, ఆకుకూరలకు మాత్రం వద్దు.

రిపోర్టు ఉన్నా లేకున్నా ఇంట్లో చేసుకోగల పరీక్షలు నాలుగున్నాయి. ఏవీ ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది తేమ. చాలా యార్డులు తడబడేది ఇక్కడే. 40 కిలోల సంచిలో తేమ 25 శాతం ఉంటే 10 కిలోలు నీళ్లు. 40 శాతం ఉంటే 16 కిలోలు నీళ్లు. కొన్నవాడు ఆరు కిలోల నీళ్లను ఎరువు ధరకు కొన్నట్టు. వంటింటి కాటాలో 100 గ్రాములు తూచి, పేపరు మీద పలచగా పరిచి రెండు రోజులు మంచి ఎండలో పెట్టి మళ్లీ తూచండి. 75 గ్రాముల కంటే తగ్గిందంటే జల్లెడ పట్టకముందు సరిగ్గా ఆరబెట్టలేదు. తడి ఎరువు జల్లెడలో దిగదు, ఉండలు కడుతుంది, ప్లాస్టిక్ ముక్కలు ఆ ఉండల్లో దాక్కుంటాయి. అందుకే తేమ ఎక్కువున్న సంచిలో చెత్త ముక్కలు కూడా ఎక్కువ కనబడతాయి.

రెండోది పక్వం. గుప్పెడు ఎరువు కాస్త తడిపి, పాలిథిన్ కవరులో మూతి కట్టి మూడు రోజులు నీడలో ఉంచండి. విప్పగానే తొలకరి వాన పడ్డ మట్టి వాసన వస్తే మాగింది. పులిసిన వాసనో, ముక్కు మండే అమోనియా వాసనో వస్తే ఇంకా పచ్చిగానే ఉంది. పచ్చి ఎరువు కుండీలో వేస్తే లోపల మళ్లీ కుళ్లడం మొదలై, వేరుకు అందాల్సిన నత్రజనిని, గాలిని సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి. ఆకు పసుపు పచ్చబడితే మనవాళ్లు ఎరువు చాల్లేదనుకుని మరో దోసెడు వేస్తారు. అక్కడ మొక్క పోతుంది.

మూడోది ఉప్పు. వంటింటి చెత్తలో పప్పు, పులుసు, పచ్చడి మిగుళ్లు ఉంటాయి కాబట్టి మన ఊళ్ల కంపోస్టులో దీన్ని తప్పకుండా చూడాలి. ఆర్వో నీళ్లు చూసే టీడీఎస్ మీటరు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. ఒక వంతు ఎరువు, ఐదు వంతులు ఆర్వో నీళ్లు తూకంలో కలిపి, గంటసేపు తేరనిచ్చి, గుడ్డతో వడకట్టి మీటరు ముంచండి. 2000 చుట్టూ చూపిస్తే లవణ సాంద్రత 4 అంచున ఉన్నట్టే. దానికి పైన ఉంటే నాలుగు వంతుల మట్టికి ఒక వంతు మించి కలపొద్దు. మీటరు ఇచ్చేది ఉజ్జాయింపు లెక్కే అయినా, రెండు యార్డుల సంచుల్ని పోల్చుకోవడానికి పనికొస్తుంది.

నాలుగోది మొలక. రెండు కప్పులు తీసుకుని ఒకదాన్లో ఉత్త మట్టి, రెండోదాన్లో సగం మట్టి సగం ఎరువు నింపి, 20 చొప్పున మెంతులు చల్లండి. ఐదో రోజు లెక్కపెట్టండి. రెండింటా మొలకలు దాదాపు సమానంగా వస్తే నిశ్చింతగా వాడండి. ఎరువు కప్పులో సగం కూడా రాకపోతే ఉప్పో, పచ్చితనమో ఉంది. పై రెండు పరీక్షల్లో ఏదన్నది తేలిపోతుంది. మనం చల్లకపోయినా ఆ కప్పులో టమాటా మొలకలో, వయ్యారిభామో లేస్తే కుప్ప సరిగ్గా కాగలేదని అర్థం. వానపాముల ఎరువు విషయంలో మాత్రం దీన్ని అంత తప్పు పట్టకూడదు. వానపాముల తొట్టి వేడెక్కదు కాబట్టి టమాటా గింజలు బతికే బయటికి వస్తాయి.

ఇక పేపరు మీద పోసిన ఆ తట్టెడు ఎరువు. దగ్గరగా చూస్తే అన్నింటికంటే ఎక్కువ దొరికేది చిటికెన వేలి గోరంత, మూడు మూలల ప్లాస్టిక్ ముక్క. ఒకవైపు తెలుపు, ఒకవైపు నీలమో ఆకుపచ్చో. పాల ప్యాకెట్టు మూల. పొద్దున్నే ప్యాకెట్టు కత్తిరించినప్పుడు మూల సింకులోనో కూరగాయల తొక్కుల్లోనో పడిపోతుంది. ప్యాకెట్టు మాత్రం పొడి చెత్తలోకి వెళుతుంది. అంత చిన్న ముక్కను చేత్తో ఏరడం యార్డులో ఎవరి తరమూ కాదు. దీనికి మందు ఒక్కటే: మూలను పూర్తిగా తెగనివ్వకుండా, ప్యాకెట్టుకే వేలాడేలా సగం కత్తిరించడం. వార్డు కమిటీ మహిళా సభ్యులు ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సింది "చెత్త వేరు చేయండి" అనే పాత పాట కాదు, ఇదిగో ఇలాంటి మాట. షాంపూ, కాఫీ పొడి పొట్లాల చింపిన అంచులు, పూలదండల నైలాను దారం, కర్పూరం కవరు, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న టీ కప్పు కూడా ఇదే దారిన వస్తాయి. విస్తరాకుకు కుట్టిన ఈనెపుల్లలు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి మట్టిలో కలిసిపోయేవే.

గాజు కనిపిస్తే ఆ యార్డు సంచి మళ్లీ కొనకండి. పగిలిన గాజు పెంకు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి సులువుగా దిగిపోతుంది. మిద్దె తోటలో చేతులతో మట్టి కలిపేవాళ్లకు అది ప్రమాదం. పాత ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు అంతకంటే ప్రమాదం. ఒక సీఎఫ్ఎల్‌లో పాదరసం 5 మిల్లీగ్రాములనుకుందాం. కిలోకు 0.15 పరిమితి ప్రకారం అది 33 కిలోల ఎరువును గీత దాకా తీసుకుపోగలదు. పగిలినప్పుడు కొంత ఆవిరైపోతుంది నిజమే, ఆ ఆవిరి పీల్చేది బండి మీది కార్మికుడు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇంట్లోనే మూడు రకాలుగా వేరు చేయమన్నాయి: తడి, పొడి, హానికరం. మూడో బుట్ట చిన్నదే, నెలకోసారి నిండుతుంది. కానీ దాన్ని పట్టించుకునే ఊరు, పట్టించుకోని ఊరు ల్యాబు రిపోర్టులో విడివిడిగా తెలిసిపోతాయి.

ఇళ్లలో వేరు చేసినా యార్డుకు కలిసి చేరుతోందంటే తప్పు ఎక్కువసార్లు బండి దగ్గరే ఉంటుంది. ఆటో ట్రాలీలో మధ్యన రేకు అడ్డం పెట్టి రెండు అరలు చేస్తారు. పొడి చెత్త బరువు తక్కువ, పట్టే చోటు ఎక్కువ. వీధి సగం కాకముందే పొడి అర నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చిన అట్టపెట్టె, కవర్లు తడి అరలో పడతాయి. అది చూసిన ఇల్లాలు మర్నాటి నుంచి వేరు చేయడం మానేస్తుంది. ఆవిడ తప్పేం లేదు. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికి రెండు రోజులే అని వేళ్ల మీద లెక్కపెట్టగలిగేలా రోజులు పెడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. తడి చెత్త ఇంట్లో ఒక్క రోజు ఆగదు. పొడి చెత్త కడిగి ఆరబెడితే వారమైనా వాసన రాదు.

కమిటీ చేయగలిగిన తనిఖీ ఒకటుంది, ఇందులో పది నిమిషాల పనికి మించి లేదు. యార్డు గేటు దగ్గర ఒక బండి తడి చెత్త దింపగానే నాలుగు వైపుల నుంచీ 10 కిలోలు తీసి, టార్పాలిన్ మీద పరిచి, తడి కానివన్నీ ఏరి తూయండి. అర కిలో వస్తే 5 శాతం కల్తీ. ఆ అంకె బండి నంబరు పక్కన, వీధి పేరు పక్కన రాయండి. వారానికోసారి రాస్తే నెల తిరిగేసరికి ఏ వీధికి వెళ్లి చెప్పాలో, ఏ వీధికి వెళ్లక్కర్లేదో తేలుతుంది. ఏరే కార్మికులకు చేతి తొడుగులు, గంబూట్లు, చేతులు కడుక్కోను నీళ్లు, సబ్బు లేకుండా ఈ పని చేయించకూడదు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వకుండా తడి బుట్టలో వేసే ప్రతి ఇంటికీ, వాటిని ఒక మనిషి చేత్తో ఏరుతున్నాడన్న సంగతి తెలియాలి.

500 ఇళ్ల వార్డు తీసుకోండి. ఇంటికి అర కిలో చొప్పున రోజుకు 250 కిలోల తడి చెత్త. వంద కిలోలకు 15 నుంచి 25 కిలోల ఎరువు దిగుతుంది కాబట్టి రోజుకు ఒక సంచి, అంతే. ఇంకా ఎక్కువ అమ్ముతున్నారంటే అందులో మట్టో, పాత డంపింగ్ యార్డు తవ్విన బూడిదో కలుస్తోందేమో అడగాలి. బాగా తక్కువ వస్తోందంటే తడి చెత్త ఇంకెక్కడికో పోతోంది. ఎక్కడో కూడా కమిటీయే అడగాలి.

యార్డులో తయారీ చూడనిస్తే తప్పకుండా చూడండి. చూడనిచ్చే యార్డు మీద సగం నమ్మకం అక్కడే కుదురుతుంది. కుప్ప ఎత్తు 1.2 నుంచి 1.5 మీటర్లు, వెడల్పు రెండు మీటర్లు ఉండాలి. మీటరు లోపు కుప్ప వేడెక్కదు. రెండు మీటర్లు దాటితే అడుగున గాలాడక మురుగు వాసన కొడుతుంది. ఒక తట్ట వంటింటి చెత్తకు ఒక తట్ట ఎండుటాకులు, ఇది చేతి లెక్క. ఆకులు లేకపోతే నత్రజని ఎక్కువై అమోనియాగా పోతుంది, ఈగలు ముసురుతాయి, చీము లాంటి నల్ల నీరు కారుతుంది. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారకూడదు, పొడిపొడిగా రాలకూడదు. ఇనుప చువ్వ కుప్ప నడుమ గుచ్చి పది నిమిషాలాగి లాగండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే లోపల 55 డిగ్రీల పైన ఉన్నట్టు, రోగక్రిములు, కలుపు గింజలు చస్తున్నట్టు. వారానికోసారి తిరగేయాలి, బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా. ఆరు వారాలకు వేడి తగ్గుతుంది. అక్కడితో అయిపోలేదు, ఇంకో మూడు నాలుగు వారాలు కదపకుండా మాగబెట్టాలి. స్థలం లేదని ఈ మాగబెట్టడాన్నే ఎగ్గొడతారు, పైన చెప్పిన పచ్చి వాసన సంచులు అలా తయారయ్యేవే.

వానపాముల తొట్లు చూడ్డానికి బాగుంటాయి, వచ్చినవాళ్లకు చూపించడానికీ బాగుంటాయి. కానీ ఊరి చెత్తంతా వాటి మీద పెట్టుకోకూడదు. పచ్చి చెత్తను ముందు పేడ నీళ్లతో 15, 20 రోజులు కుళ్లనిచ్చి, వేడి పూర్తిగా దిగాకే పాముల్ని వదలాలి. 35 డిగ్రీలు దాటితే అవి అడుగుకు పోతాయి, లేదా పారిపోతాయి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో తాటాకు పందిరి, తడి గోనెలు, రోజుకు రెండుసార్లు నీటి చిలకరింపు లేకుండా తొట్టి నిలవదు. నిమ్మ తొక్కులు, ఉప్పు, కారం, నూనె ఎక్కువున్న మిగుళ్లు వేస్తే వానపాములు తొట్టి గోడలెక్కిపోతాయి. చీమలు పడితే తొట్టి చుట్టూ నీళ్ల కాలువ కట్టాలే గానీ పురుగు మందు చల్లకూడదు.

ఫంక్షన్ హాళ్లు, హోటళ్ల మిగుళ్లకు కంపోస్టు సరైన చోటు కాదు. నీళ్లు, నూనె, ఉప్పు మూడూ ఎక్కువ. వాటికి గ్యాసు ప్లాంటు సరిపోతుంది; సిద్దిపేటలో బుస్సాపూర్ దగ్గర తడి చెత్త నుంచి బయో సీఎన్జీ (బండ్లకు వాడే గ్యాసు) తీసే ప్లాంటు పెట్టారు. రోజుకు 100 కిలోలు దాటి చెత్త చేసేవాళ్లు తమ తడి చెత్త సంగతి వీలైనంతవరకు తామే చూసుకోవాలని 2016 నిబంధనలే చెప్పాయి. కొబ్బరి బోండాలు ముక్కలు కొట్టే మిషను లేకుండా కుప్పలో వేస్తే ఆరు నెలలైనా అలాగే ఉంటాయి. కోడి, చేపల దుకాణాల వ్యర్థం అసలే వద్దు, కుక్కలు కుప్పంతా తవ్విపోస్తాయి.

చిన్న ఊళ్లు ఇదంతా ఎక్కడ చేయగలవు అనేవాళ్లకు సూర్యాపేట పేరు చెప్పాలి. 2000ల మొదటి దశకంలోనే వీధి కుండీలు తీసేసి, ఇంటింటి సేకరణ, వేరుచేత మీద నిలబడి దేశమంతా వచ్చి చూసిన ఊరది. పెద్ద యంత్రాలేం పెట్టలేదు. రోజూ వేళకు బండి వచ్చేది.

ధర ఊరి ఊరికీ మారుతుంది కాబట్టి ఇది చవకో ప్రియమో ఎలా లెక్క కట్టాలో చెబుతాం. నత్రజని కోసం ఈ సంచి కొంటే నిరాశే. 0.8 శాతం లెక్కన 50 కిలోల సంచిలో నత్రజని 400 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైమాటే. ఈ సంచి కొనేది కర్బనం కోసం, నేల నీళ్లు పట్టుకునే గుణం కోసం. ఎర్ర చెలకలో దీని విలువ యూరియాతో కొలవలేం. పశువుల ఎరువు మీ దగ్గర మాగినది, నమ్మకంగా దొరికితే దాన్నే తీసుకోండి. అది దొరకని పట్నంలో, పై నాలుగు పరీక్షల్లో నెగ్గిన పురపాలక కంపోస్టు నర్సరీల్లో అమ్మే రంగు కవర్ల ఎరువుకు ఏమాత్రం తీసిపోదు. కుండీకి రెండు వంతులు మట్టి, ఒక వంతు కంపోస్టు, ఒక వంతు కొబ్బరి పొట్టు చాలు. ఉత్త కంపోస్టులో మొక్క పెట్టకండి. సంచి మూతి వదులుగా కట్టి నీడలో ఉంచండి, ఎండలో పెడితే లోపలి జీవమంతా మాడిపోతుంది.

ఎప్పుడు కొనాలన్నది కూడా ముఖ్యమే. వానాకాలంలో కప్పు లేని యార్డుల్లో కుప్పలు నానిపోయి, ఎండుటాకులు దొరక్క, ఎరువు జిగటగా వస్తుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా వేప, రావి, బాదం చెట్లు ఆకు రాలుస్తాయి. ఆ నెలల్లో వేసిన కుప్ప సమంగా మాగి వైశాఖానికి సంచికెక్కుతుంది. కొనాల్సింది అదే. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే మన వీధుల్లో ఆకులు ఊడ్చి, మూలకు నెట్టి, అగ్గిపుల్ల గీస్తారు. ఏడాది పొడుగునా యార్డుకు కావలసిన కర్బనం అలా పొగైపోతుంది. ప్రతి పార్కు మూలా నాలుగు ఇనుప గుంజలు పాతి, చుట్టూ కోడి వల కట్టి, ఊడ్చిన ఆకంతా అందులో తొక్కి పెడితే వానాకాలం దాకా కుళ్లకుండా నిలవ ఉంటుంది. పైన ఒక పాత టార్పాలిన్ కప్పితే చాలు. మీ వార్డులో అలాంటి గూడు ఒక్కటైనా ఉందేమో చూడండి. లేకపోతే వచ్చే కమిటీ సమావేశంలో అడగాల్సిన మొదటి పని అదే. జనవరి దాటకముందే అడగాలి.